ఆన్‌లైన్ పాఠాల్లో ఇంటరాక్టివ్ వీడియో: అపోహలు - వాస్తవాలు

ఒడిశాలోని రాయగడలో ఉంటూ ఐటీఐ, పాలిటెక్నిక్ పిల్లలకు ఎలక్ట్రికల్ పాఠాలు ఆన్‌లైన్‌లో చెబుతుంటాను. గుణుపురం, కాశీనగరం, పర్లాకిమిడి వైపు పిల్లలు కూడా ఈ క్లాసుల్లో ఉంటారు. మధ్యలో ఆగి ప్రశ్న అడిగే వీడియోలు తయారు చేద్దామనుకునే తోటి మాస్టార్ల నోట కొన్ని మాటలు పదేపదే వింటున్నాను. వాటివల్ల పిల్లలకు నష్టం జరుగుతోంది. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: నొక్కడానికి ఏదో ఒకటి పెడితే చాలు, పిల్లలు పాఠంలో లీనమైపోతారు.

వేలికి పని చెప్పినంత మాత్రాన బుర్రకు పని చెప్పినట్టు కాదు. తెరమీద సూత్రం చూపించి, వెంటనే వీడియో ఆపి అదే సూత్రం అడిగితే ఎవరైనా నొక్కేస్తారు. ప్రశ్న పెట్టాల్సింది జవాబు కనబడక ముందు.

నా పాఠం ఒకటి చెబుతాను. 230 వోల్టుల సప్లైకి 40 వాట్ల ఫిలమెంట్ బల్బు, 100 వాట్ల ఫిలమెంట్ బల్బు సిరీస్‌లో, అంటే ఒకదాని వెనక ఒకటిగా, కలిపి ఉంటాయి. నా వేలు స్విచ్ మీద ఉండగా వీడియో ఆగుతుంది. "ఏ బల్బు ఎక్కువ వెలుగుతుంది?" ఎక్కువమంది 100 వాట్లదే అంటారు. వీడియో కదులుతుంది, స్విచ్ పడుతుంది. వెలిగేది 40 వాట్ల బల్బు. 100 వాట్ల దాంట్లో ఫిలమెంట్ కాస్త ఎర్రబడి ఊరుకుంటుంది. "అదేటి సార్, పెద్ద బల్బు కదా వెలగాలి?" అని మెసేజ్‌లు మొదలవుతాయి. సరిగ్గా అప్పుడే లెక్క చెప్పాలి. 40 వాట్ల బల్బు రెసిస్టెన్స్ దాదాపు 1322 ఓములు, 100 వాట్లది 529. సిరీస్‌లో కరెంటు రెండింటికీ ఒకటే, కాబట్టి రెసిస్టెన్స్ ఎక్కువున్న చోటే పవర్ ఎక్కువ ఖర్చవుతుంది. తను ఒక మాట అనేసి, అది తప్పని కళ్లారా చూసిన పిల్లాడు ఈ లెక్కను ఎంత శ్రద్ధగా వింటాడో చూడండి. ఊరికే చెబితే ఆ శ్రద్ధ రాదు.

ఇలాంటి ఊహ ప్రశ్నకు మార్కులు పెట్టకండి. మార్కులుంటే పక్కవాణ్ణి అడిగి నొక్కుతారు. లెక్క అర్థమైందో లేదో చూసే ప్రశ్న తర్వాత పెట్టి, దానికి మార్కులివ్వండి. అక్కడ తప్పు నొక్కితే వీడియో వెనక్కి, లెక్క మొదలైన చోటికి వెళ్లేలా సెట్ చేసుకోవచ్చు.

అపోహ: వీడియో ఆరు నిమిషాల లోపు ఉంటే చాలు, ప్రశ్నలు అక్కర్లేదు.

ఈ ఆరు నిమిషాల మాట 2014లో వచ్చిన ఒక పరిశోధనది. ఎడెక్స్ అనే ఆన్‌లైన్ చదువుల వేదిక కోర్సుల్లో 69 లక్షల సార్లు వీడియోలు చూసిన తీరును లెక్కగట్టారు. అది ఎంతసేపు చూశారన్న లెక్క. ఎంత నేర్చుకున్నారన్నది అందులో లేదు. 2013లో ష్పునార్, ఖాన్, షాక్టర్ అనే మనస్తత్వ పరిశోధకులు చేసిన ప్రయోగం నాకు ఎక్కువ పనికొచ్చింది. 21 నిమిషాల స్టాటిస్టిక్స్ పాఠాన్ని నాలుగు ముక్కలు చేసి, ముక్క ముక్కకీ చిన్న పరీక్ష పెట్టారు. అలా పరీక్ష రాసినవాళ్ల మనసు తక్కువగా పక్కకు పోయింది, నోట్సు ఎక్కువ రాసుకున్నారు, చివరి పరీక్ష అంటే టెన్షన్ కూడా తగ్గింది. నిడివి తగ్గించడం మంచిదే, కానీ ప్రశ్న చేసే పని అది చెయ్యదు.

అపోహ: ముందుకు జరపకుండా లాక్ పెడితే బుద్ధిగా చూస్తారు.

ఫోన్ బల్లమీద పెట్టి వేరే పని చూసుకుంటారు. అంతకంటే ముఖ్యం, పరీక్ష ముందురోజు ఒక్క ముక్క మళ్లీ చూసుకోవాలనుకున్న పిల్లకి లాక్ ఎంత ఇబ్బందో ఆలోచించండి. లాక్ వద్దు. టాపిక్‌కో బుక్‌మార్క్ పెట్టండి.

అపోహ: ప్రశ్న తెలుగులో రాస్తే మన పిల్లలకు అర్థమైపోతుంది.

మన జిల్లాల్లో పాఠం తయారుచేసేవాళ్లు దీనిమీదే ఎక్కువ ఆలోచించాలి. ఇక్కడి తెలుగు ఇళ్లలో మాట తెలుగు. బడి చాలామందికి ఒడియా మీడియం, పైచదువుల పుస్తకం ఇంగ్లీషు. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిసిన దగ్గర్నుంచి తరతరాలుగా ఇదే పరిస్థితి. తెలుగు చక్కగా మాట్లాడే పిల్ల తెలుగు అక్షరం దగ్గర ఆగిపోతుంది. వీడియో ఆగి, తెరమీద తెలుగు ప్రశ్న ఒక్కటే కనిపిస్తే ఆ పిల్ల ఆప్షన్ ఏదో గుడ్డిగా నొక్కుతుంది. మనమేమో కాన్సెప్ట్ రాలేదనుకుంటాం.

నేను చేసేది ఇది: వీడియో ఆగే ముందు ప్రశ్నను నా గొంతుతో తెలుగులో అడుగుతాను. తెరమీద అదే ప్రశ్న ఒడియాలో, తేలికైన చిన్న ఇంగ్లీషు వాక్యంలో ఉంటుంది. ఆప్షన్లు వీలైనంతవరకు బొమ్మలే. బల్బు పాఠంలో రెండు బల్బుల ఫొటోలు సరిపోయాయి, చదవాల్సిన పనే లేదు. సిరీస్, ప్యారలల్, న్యూట్రల్ లాంటి మాటలు మార్చను, రేపు పనిలోకి వెళ్లినా అవే వినపడతాయి.

అపోహ: దీనికి ఖరీదైన సాఫ్ట్‌వేర్, మంచి నెట్ కావాలి.

ఇలాంటి వీడియోలు తయారుచేసే హెచ్5పీ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. ఆన్‌లైన్ క్లాసులు నడిపే మూడుల్ అనే సాఫ్ట్‌వేర్ వాడే కాలేజీలకు 2019 చివర్లో వచ్చిన 3.8 వెర్షన్ నుంచి అది లోపలే ఉంది. నెట్ సంగతి మాత్రం నిజమైన ఇబ్బందే, కొండల వైపు ఊళ్ల పిల్లలు చాలా అవస్థ పడతారు. యూట్యూబ్ లింకు మీద కట్టిన పాఠం నెట్ లేకపోతే ఆడదు. వీడియో ఫైల్‌నే చిన్న సైజులో పాఠం లోపల పెడితే, లూమి అనే ఉచిత యాప్‌తో ల్యాబ్ కంప్యూటర్‌లో నెట్ లేకుండా నడుస్తుంది. పిల్లలు వంతులవారీగా చూస్తారు.

అపోహ: ఎవరెవరు పూర్తిగా చూశారో రిపోర్టులో తెలిస్తే మన పని అయిపోయినట్టే.

నేనైతే ఏ తప్పు ఆప్షన్ ఎక్కువమంది నొక్కారో ముందు చూస్తాను. బల్బు పాఠం తర్వాత అవే బల్బులు ప్యారలల్‌లో, అంటే దేనికది నేరుగా సప్లైకి కలిపి, ఉంటే ఏది ఎక్కువ వెలుగుతుందని అడిగితే, కొందరు మళ్లీ 40 అంటారు. అక్కడ రెండింటికీ వోల్టేజి ఒకటే, వెలిగేది 100 వాట్లదే. అంటే వాళ్లు కారణం పట్టుకోలేదు, "చిన్న బల్బే గెలుస్తుంది" అని గుర్తుపెట్టుకున్నారన్నమాట. మర్నాటి లైవ్ క్లాసు ఆ సర్క్యూట్ గీసి మొదలుపెడతాను.