షాక్ కాలర్ గొడవ: అసలు మలుపు కుక్కల దగ్గర రాలేదు

పెంపుడు కుక్క మెడకు షాక్ కాలర్ (రిమోట్ నొక్కితే కరెంటు షాక్ ఇచ్చే పట్టీ) పెట్టొచ్చా, పెట్టకూడదా అన్న గొడవ మళ్లీ రాజుకుంది. చల్లారిందనుకున్న ప్రతిసారీ ఏదో ఒక పరిశోధన వచ్చి దాన్ని ఎగదోస్తూనే ఉంది. ఈ విడత ఆ పని చేసింది 2024లో ‘యానిమల్స్’ జర్నల్‌లో అచ్చయిన ఒక ప్రయోగం. అరిజోనా స్టేట్ యూనివర్సిటీకి చెందిన క్లైవ్ విన్, ఆయన సహ పరిశోధకురాలు కలిసి 19 కుక్కలను తీసుకున్నారు. నేల మీద వేగంగా లాగుతున్న ఎర వెంట పడే కుక్కను ఒక్క మాటతో ఆపడం నేర్పాలని చూశారు. ఒక గుంపుకు షాక్ కాలర్, మిగతా రెండు గుంపులకు తిండి బహుమతి. ఐదు రోజుల శిక్షణ తర్వాత అదే చోట పరీక్షిస్తే షాక్ గుంపులోని కుక్కలు ఆగాయి, తిండి గుంపుల్లోవి ఆగలేదు. షాక్ తగిలినప్పుడు కుక్కలు కుయ్యోమన్నాయి. ఒత్తిడిని సూచించే కార్టిసాల్‌లో మాత్రం గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

మేం మొదట్నుంచీ చెబుతున్నది ఇదేనని కాలర్ వర్గం అందుకుంది. తిండి గుంపులకు ఇచ్చింది అసలు శిక్షణేనా అని రెండో వర్గం నిలదీసింది. ఇద్దరూ చెబుతున్నది మాత్రం ఒకే శాస్త్రం పేరు: బిహేవియర్ అనాలిసిస్, అంటే ప్రవర్తనా విశ్లేషణ. ఒక ప్రవర్తన వెంటనే ఏ ఫలితం వస్తుందన్న దాన్ని బట్టి ఆ ప్రవర్తన పెరగడమో తగ్గడమో జరుగుతుందని చెప్పే శాస్త్రం ఇది. దాన్నే పట్టుకుని ఇద్దరూ రెండు వైపులకు ఎలా లాగుతున్నారన్నదే ఇక్కడి కథ.

పావ్లోవ్ గంట గురించి, ఈ శాస్త్రానికి పునాది వేసిన అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త స్కిన్నర్ పెట్టెలో ఎలుక గురించి చాలామంది రాశారు, ఇక్కడ వద్దు. గుంపును అణచి ఉంచే నాయకుడు ఒకడు ఉంటాడన్న ‘ఆల్ఫా’ తోడేలు సిద్ధాంతానికీ ఎక్కువ చోటు అక్కర్లేదు. దానికి ఒకప్పుడు తన పుస్తకంతో ప్రచారం తెచ్చిన డేవిడ్ మెక్ అనే శాస్త్రవేత్తే, అడవిలోని తోడేళ్ల గుంపు అంటే చాలావరకు తల్లీ తండ్రీ పిల్లలూ ఉన్న ఒక కుటుంబమని 1999లో స్పష్టంగా రాశారు. అయినా ‘ఎవరు బాసో కుక్కకు చూపించాలి’ అనే మాట ఇంకా చెలామణిలో ఉంది. దానికి కారణం తోడేళ్లు కావు. మనిషి చేతిలో ఉన్న పట్టా, అంటే కుక్క మెడకు కట్టి పట్టుకునే తాడు.

నా దృష్టిలో అసలు మలుపు రెండో ప్రపంచ యుద్ధ కాలంలో మినియాపొలిస్‌లోని ఒక పిండిమర పై అంతస్తులో మొదలైంది. క్షిపణులకు దారి చూపేలా పావురాలను తయారుచేసే సైనిక ప్రాజెక్టు కోసం స్కిన్నర్ బృందం అక్కడ పనిచేసేది. 1943లో ఒకరోజు, గింజలు ఎప్పుడు పడాలో యంత్రానికి వదలకుండా, స్విచ్ చేత్తో నొక్కుతూ ఒక పావురానికి చిన్న బంతిని ముక్కుతో కొట్టడం నేర్పారు. ముందు బంతి వైపు చూసినా గింజలు పెట్టారు, తర్వాత దగ్గరికి వస్తేనే, ఆ తర్వాత తాకితేనే. కొద్ది నిమిషాల్లోనే పావురం బంతిని గట్టిగా కొట్టడం మొదలుపెట్టింది. మెట్టుమెట్టుగా ప్రవర్తనను మలిచే ఈ పద్ధతినే షేపింగ్ అంటారు. యంత్రం అక్కర్లేదు, సమయానికి స్పందించే మనిషి ఉంటే చాలని ఆ రోజు తేలింది.

స్కిన్నర్ 1951లో ‘సైంటిఫిక్ అమెరికన్’ పత్రికలో మామూలు పాఠకుల కోసం ఒక వ్యాసం రాశారు. అందులో కుక్క ఉంది, ‘టిక్’మని చప్పుడు చేసే ఆటబొమ్మా ఉంది. ముందు చప్పుడు చేసి వెంటనే తిండి ముక్క వేయాలి. చప్పుడు వినగానే కుక్క తిండి కోసం తిరిగే దాకా అలాగే చేయాలి. అక్కడి నుంచి నేర్పాలనుకున్న పనికి కుక్క ఒక్కో అడుగు దగ్గరైనప్పుడల్లా ఆ క్షణంలోనే చప్పుడు చేయాలి. ఆలస్యం కాకూడదు, ఎందుకంటే ఒక సెకను దాటితే కుక్క అప్పటికి ఇంకేదో చేస్తూ ఉంటుంది, బహుమతి ఆ పనికి అంటుకుంటుంది. ఈనాటి క్లిక్కర్ శిక్షణ అంతా దాదాపుగా ఆ వ్యాసంలోనే ఉంది. కానీ అది కుక్కల ట్రెయినర్ల చేతికి రావడానికి మరో 40 ఏళ్లు పట్టింది.

ఎందుకు పట్టిందన్నదే ముఖ్యం. పావురాల ప్రాజెక్టులో పనిచేసిన కెలర్ బ్రెలండ్, ఆయన భార్య మేరియన్ యూనివర్సిటీ చదువు వదిలేసి, జంతువులకు శిక్షణ ఇచ్చే సొంత సంస్థ ‘యానిమల్ బిహేవియర్ ఎంటర్‌ప్రైజెస్’ పెట్టుకున్నారు. కుక్కల శిక్షణను మార్చేయాలన్న ఆలోచన వాళ్లకు మొదట్లోనే ఉంది. చప్పుడుతో గుర్తు, వెంటనే తిండి, దెబ్బ లేదు, గుంజుడు లేదు. కానీ ట్రెయినర్లు దాన్ని పట్టించుకోలేదు. తరతరాలుగా చేస్తున్న పనిని ల్యాబ్ నుంచి వచ్చినవాళ్లు నేర్పడమేమిటన్నది వాళ్ల భావన. బ్రెలండ్ దంపతులు దాణా కంపెనీ ప్రకటనల కోసం కోళ్లకు, పందులకు, ఆవులకు శిక్షణ ఇస్తూ బతుకుతెరువు చూసుకున్నారు.

ట్రెయినర్లను తప్పుపట్టే ముందు వాళ్ల చేతిలో ఏముందో చూడాలి. 1910లో కొన్‌రాడ్ మోస్ట్ జర్మనీలో పోలీసు, సైనిక కుక్కల కోసం రాసిన పద్ధతి అప్పటికే స్థిరపడిపోయింది. ప్రవర్తనకు, ఫలితానికి ఉన్న సంబంధం మోస్ట్‌కు బాగా తెలుసు, స్కిన్నర్ కంటే ముందే తెలుసు. కానీ ఆయన పద్ధతికి వెన్నెముక బలవంతం. అమెరికాలో యుద్ధ కుక్కలకు శిక్షణ ఇచ్చి, తర్వాత సినిమా జంతువుల ట్రెయినర్‌గా పేరు తెచ్చుకున్న విలియం కోలర్ 1962లో రాసిన పుస్తకం అదే దారిని ఇంటింటికీ చేర్చింది. మెడకు బిగుసుకునే గొలుసు, పొడవాటి తాడు, తప్పు చేస్తే గుంజుడు. తోటలో గుంతలు తవ్వే కుక్కను ఆ గుంతలోనే నీళ్లు నింపి తల ముంచాలన్నది అందులోని సలహాల్లో ఒకటి. ఇవి కుక్కను ఆపాయా అంటే చాలా సందర్భాల్లో ఆపాయి. కుక్క ఆగితే మనిషికి తక్షణం ఊరట. శాస్త్రం ప్రకారం చూస్తే ఆ ఊరటే మనిషికి బహుమతి, అందుకే మళ్లీ అదే చేస్తాడు. గుంజడం మనుషుల్లో ఎందుకు స్థిరపడిందో చెప్పడానికి ఇంతకంటే పెద్ద సిద్ధాంతం అవసరం లేదు. 1960ల్లో వేట కుక్కల కోసం ప్రచారంలోకి వచ్చిన ఎలక్ట్రిక్ కాలర్ ఆ తాడుకే కనిపించని పొడిగింపు.

బ్రెలండ్‌ల పద్ధతి కుక్కల దగ్గర చోటు దొరక్క నీళ్లలోకి వెళ్లింది. 1950ల్లో ఫ్లోరిడాలోని మెరైన్ స్టూడియోస్‌లో డాల్ఫిన్ ప్రదర్శనల కోసం వాళ్లు దాన్ని వాడారు. టిక్ చప్పుడు స్థానంలో విజిల్ వచ్చింది. హవాయిలో సీ లైఫ్ పార్క్ తెరవడానికి సిద్ధమవుతున్నప్పుడు, 1963లో హెడ్ ట్రెయినర్‌గా చేరిన కారెన్ ప్రయర్ నేర్చుకున్నదీ ఇదే. ఇక్కడే నేను ఆగాలనుకుంటున్నాను, ఎందుకంటే ఈనాటి గొడవ మూలం ఇక్కడుంది. డాల్ఫిన్ మెడకు గొలుసు వేయలేం. గుంజలేం. దానికి నచ్చకపోతే కొలను అవతలి గట్టుకు వెళ్లిపోతుంది, అంతే సంగతి. ట్రెయినర్ దగ్గరున్న పెద్ద శిక్ష ఏమిటంటే చేపల బకెట్ తీసుకుని కాసేపు అక్కడి నుంచి వెళ్లిపోవడం. కాబట్టి పాఠం నడవకపోతే తప్పు వెతకాల్సింది డాల్ఫిన్‌లో కాదు, పాఠంలో. మెట్టు మరీ ఎత్తుగా ఉందా? విజిల్ ఆలస్యమైందా? ఆ అలవాటు ఎంత దూరం వెళ్లిందంటే, అప్పటిదాకా ఎప్పుడూ చేయని కొత్త పని చేస్తేనే చేప ఇస్తామన్న నియమం పెడితే, మాలియా అనే డాల్ఫిన్ తనంతట తానే కొత్త కొత్త విన్యాసాలు చేయసాగింది. దానిపై ప్రయర్ బృందం 1969లో పరిశోధనా పత్రం ప్రచురించింది.

ప్రయర్ 1984లో రాసిన పుస్తకం కుక్కల యజమానుల్లో పాకింది. 1992లో శాన్‌ఫ్రాన్సిస్కోలో బిహేవియర్ అనలిస్టుల సదస్సు సందర్భంగా ఆమె, గ్యారీ విల్క్స్ అనే ట్రెయినర్ క్లిక్కర్ పద్ధతిని కుక్కల వాళ్ల ముందుకు తెచ్చారు. అలా స్కిన్నర్ వ్యాసం డాల్ఫిన్ కొలను చుట్టూ తిరిగి కుక్క దగ్గరికి చేరింది. వస్తూ వస్తూ, బలవంతం చేసే వీలు లేని చోట పుట్టిన క్రమశిక్షణను వెంట తెచ్చింది. పట్టా చేతిలో ఉన్నవాళ్ల పరంపర, పట్టా లేనివాళ్ల పరంపర ఒకే కుక్క దగ్గర ఎదురుపడ్డాయి. ఇవాళ మనం చూస్తున్న తగాదా అదే.

కాలర్ వర్గం చెప్పేదాంట్లో నిజం లేదనలేం. శిక్ష పనిచేయదని బిహేవియర్ అనాలిసిస్ ఎన్నడూ చెప్పలేదు. శిక్ష ఎప్పుడు పనిచేస్తుందో 1966లో నేథన్ అజ్రిన్, విలియం హోల్జ్ అనే పరిశోధకులు విడమరిచి రాశారు: వెంటనే పడాలి, ప్రతిసారీ పడాలి, మొదటి నుంచే తీవ్రంగా ఉండాలి, తప్పించుకునే దారి ఉండకూడదు. ఈ షరతులు ల్యాబ్‌లో కుదురుతాయి. మామూలు మనిషి చేతిలో రిమోట్ పెట్టి చూడండి. కుక్క మొరుగుతూ గేటు వైపు పరుగెత్తుతుంది. యజమాని జేబులో రిమోట్ వెతికి బటన్ నొక్కేసరికి కుక్క మొరగడం ఆపి, గేటు బయట సైకిల్ మీద వెళ్తున్న పిల్లాడిని చూస్తూ ఉంటుంది. నొప్పి మెడలో పుట్టింది, కళ్ల ముందున్నది పిల్లాడు. కుక్క ఏం నేర్చుకుంది? యజమాని అనుకున్నది నేర్చుకుందన్న భరోసా ఏమీ లేదు. పైగా తక్కువ షాక్‌తో మొదలుపెట్టి కొంచెం కొంచెం పెంచడం దయగా కనిపిస్తుంది గానీ, దానివల్ల కుక్క అలవాటు పడి, చివరికి ఎక్కువ షాక్ అవసరమవుతుంది.

షాక్ తర్వాత కుక్క ‘శాంతంగా’ కనిపించడం గురించి కూడా చెప్పాలి. 1967లో పెన్సిల్వేనియా యూనివర్సిటీలో మార్టిన్ సెలిగ్‌మన్, స్టీవెన్ మేయర్ చేసిన ప్రయోగాల్లో, తాము ఏం చేసినా ఆగని షాక్‌లు అనుభవించిన కుక్కల్లో చాలా వరకు, తర్వాత చిన్న అడ్డుగోడ దూకితే తప్పించుకునే వీలున్నా ప్రయత్నించలేదు. పడుకుని భరించాయి. చదవడానికే కష్టమైన ప్రయోగాలవి. కదలని కుక్క నేర్చుకున్న కుక్క కాకపోవచ్చని, ప్రయత్నం మానుకున్న కుక్క కావచ్చని మనకు తెలిసింది వాటివల్లే.

2020లో పోర్చుగల్ పరిశోధకులు 92 పెంపుడు కుక్కలను చూశారు. బహుమతి పద్ధతి బడుల్లోవి కొన్ని, దండన వాడే బడుల్లోవి కొన్ని. దండన బడుల్లోని కుక్కలు ఎక్కువగా పెదాలు నాకాయి, ఆవలించాయి, ఒంగి నడిచాయి, శిక్షణ తర్వాత లాలాజలంలో కార్టిసాల్ పెరిగింది. గిన్నె పరీక్ష కూడా పెట్టారు. ఒక వైపు పెట్టిన గిన్నెలో ఎప్పుడూ తిండి ఉంటుందని, మరో వైపు గిన్నె ఎప్పుడూ ఖాళీ అని ముందు నేర్పారు. తర్వాత గిన్నెను మధ్యలో పెట్టారు. ఉందో లేదో తెలియని ఆ గిన్నె దగ్గరికి దండన ఎక్కువగా వాడిన బడుల కుక్కలు మెల్లగా వెళ్లాయి. బడి అయిపోయాక కూడా ‘ఏమీ ఉండదేమో’ అన్న అనుమానం వాటి నడకలో కనిపించింది.

ఇప్పుడు 2024 ప్రయోగం దగ్గరికి వద్దాం. ఎర వెంట పరుగు తీసే కుక్కకు తిండి ముక్క ఎందుకు చాల్లేదు? దీనికీ జవాబు పాత కాగితాల్లోనే ఉంది. 1961లో బ్రెలండ్ దంపతులు, తమ పద్ధతికి కూడా హద్దులున్నాయని నిజాయితీగా రాశారు. డబ్బుల పెట్టెలో నాణేలు వేయాల్సిన రకూన్ అనే జంతువు వాటిని వదలకుండా చేతుల్లో రుద్దుతూ కూర్చునేది. సహజ స్వభావం నేర్పిన పని మీదికి ఎక్కి వస్తుంది. వేటాడే జాతి కుక్కకు పరుగు అలాంటిదే. ఈ పత్రాన్ని కాలర్ వర్గం ఇష్టంగా ఉటంకిస్తుంది. కానీ దానికి రెండేళ్ల ముందే, 1959లో డేవిడ్ ప్రీమాక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త దారి చూపించారు: జంతువు ఎక్కువగా చేయాలనుకునే పనినే, తక్కువగా చేయాలనుకునే పనికి బహుమతిగా వాడొచ్చు. అనుభవమున్న ట్రెయినర్ ఎర ఆడుతున్న చోట బిస్కెట్‌తో పోటీకి దిగడు. పొడవాటి తాడు కట్టి, ఎరకు చాలా దూరంలో మొదలుపెడతాడు. పిలిస్తే ఆగి వెనక్కి చూసిన కుక్కకు పరుగునే బహుమతిగా ఇస్తాడు. ఆ తర్వాతే మెల్లగా దూరం తగ్గిస్తాడు. ఇది ఐదు రోజుల పని కాదు. విమర్శకులు అడుగుతున్న ప్రశ్న సరిగ్గా ఇదే, నాకది న్యాయంగానే కనిపిస్తోంది.

కాలర్ మీద చట్టాలు ఒక్క తీరుగా లేవు. జర్మనీలో 2006 నాటి కోర్టు తీర్పుతో షాక్ కాలర్ వాడకానికి దారి మూసుకుపోయింది. వేల్స్ 2010లో నిషేధించింది. ఇంగ్లాండ్‌లో 2023లో ముసాయిదా తయారైంది, 2024 ఫిబ్రవరి 1 నుంచి అమలు కావాల్సి ఉండి కూడా ఆగిపోయింది. అక్కడ నిషేధం మీద ప్రధానంగా వినిపించే అభ్యంతరం గొర్రెల వెంట పడే కుక్కలను కాలర్ లేకుండా ఎలా ఆపాలన్నది. సరిగ్గా ఆ సమస్య మీదే, అంటే పట్టా వదిలితే పిలుపు వినని కుక్కల మీద, లింకన్ యూనివర్సిటీ పరిశోధకులు చేసిన అధ్యయనం 2020లో వచ్చింది. మొత్తం 63 కుక్కలు, మూడు గుంపులు. కాలర్ తయారీదార్ల సంఘం సూచించిన ట్రెయినర్లే కాలర్‌తో ఒక గుంపుకు, అది లేకుండా మరో గుంపుకు నేర్పారు. మూడో గుంపుకు బహుమతి పద్ధతి ట్రెయినర్లు నేర్పారు. పిలిస్తే రావడంలో, కూర్చోమంటే కూర్చోవడంలో కాలర్ గుంపు ఎక్కడా ముందు లేదు. మొదటి మాటకే స్పందించడంలో బహుమతి గుంపే మెరుగ్గా ఉంది.