“ఈసీ నిల్ వచ్చింది, ఇక టెన్షన్ లేదు”: ఇంటి రిజిస్ట్రేషన్‌పై అపోహలు - వాస్తవాలు

నేను హైదరాబాద్‌లో ఆస్తి పత్రాలు చూసే లాయర్‌ని. నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది అడ్వాన్సు ఇచ్చేశాకే ఫైలు తెస్తారు, “ఊరికే ఒకసారి చూడండి సార్, బ్యాంకువాళ్లు ఓకే అన్నారు” అంటూ. ఆ ఓకే ఎవరి కోసం అన్నారో మాత్రం అడిగి ఉండరు. అలాంటివాళ్ల నోట ఎప్పుడూ వినే మాటలే ఇవి. నేను చెప్పేది తెలంగాణ, ఆంధ్రాలో ఇల్లో ఫ్లాటో కొనేవాళ్లకు.

అపోహ: రిజిస్ట్రేషన్ అయిందంటే ఆస్తి మనదని ప్రభుత్వం ఒప్పుకున్నట్టే.

కాదు. స్టాంపు డ్యూటీ కట్టారా, సంతకం పెట్టే మనిషి ఆ మనిషేనా, ఫొటో, వేలిముద్రలు పడ్డాయా, ఆస్తి 22ఏ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని ఆస్తుల జాబితా) ఉందా... సబ్ రిజిస్ట్రార్ చూసేది ఇంతవరకే. అమ్మేవాడికి అసలు హక్కుందా లేదా అని తేల్చే పని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ఆయనకు అప్పగించలేదు. తమిళనాడు నుంచి వెళ్లిన ఒక కేసులో 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఇదే మాట మళ్లీ చెప్పింది. అమ్మినవాడికి లేని హక్కు మీకు రాదు, మీరు స్టాంపు డ్యూటీ, ఫీజుల కింద ఏడున్నర శాతం కట్టినా సరే. ఒకే ప్లాటు కోసం ఇద్దరు కోర్టుకెక్కినప్పుడు ఇద్దరి దగ్గరా ఉండేది రిజిస్టరైన డాక్యుమెంటే, అందులో ఏదీ దొంగ కాగితం కాకపోవచ్చు కూడా.

అపోహ: ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) నిల్ అంటే ఆస్తి క్లీన్.

దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే.

మీరు ఏ వివరాలిచ్చి వెతికారో ఆ వివరాలకు దొరికిన రిజిస్టర్డ్ లావాదేవీల పట్టికే ఈసీ, అంతకుమించి ఏమీ కాదు. కోర్టు కేసు, రిజిస్టర్ కాని వీలునామా, అన్నదమ్ముల మధ్య నోటిమాట పంపకం, యజమాని చనిపోయి హక్కు వారసులకు వెళ్లడం, ఇవేవీ అందులో ఉండవు. టైటిల్ డీడ్లు (యాజమాన్య పత్రాలు) బ్యాంకులో పెట్టి తెచ్చిన అప్పు కూడా, దానికి సంబంధించిన కాగితం రిజిస్టర్ చేయించకపోతే కనిపించదు. అందుకే ఒరిజినల్స్ కళ్లతో చూడాలంటాను. “జిరాక్స్ ఇస్తాను, ఒరిజినల్స్ రిజిస్ట్రేషన్ రోజు తెస్తాను” అని అమ్మేవాళ్లంటే ముందు ఆ ఒరిజినల్స్ ఎక్కడున్నాయో కనుక్కోండి.

ఇక వెతికే పద్ధతి. ఈమధ్య ఒకాయన రీసేల్ ఫ్లాటు ఈసీ తెచ్చారు, రెండే రెండు ఎంట్రీలు, చూడటానికి ముచ్చటగా ఉంది. ఫ్లాటు నంబరు, అపార్టుమెంటు పేరు ఇచ్చి తీయించారట. అదే స్థలాన్ని సర్వే నంబరు, పాత ఇంటి నంబరు ఇచ్చి వెతికిస్తే బిల్డింగ్ కట్టకముందు భూమి యజమాని పెట్టిన తనఖా ఒకటి బయటపడింది, దాన్ని విడిపించినట్టు ఎక్కడా ఎంట్రీ లేదు. చివరికి అప్పు తీరిపోయిందనే తేలింది కానీ, విడుదల కాగితం రాయించడానికి నెలలు పట్టింది, అంతవరకూ లోన్ ఆగింది. కాబట్టి ఫ్లాటుకు ఒకటి, కింద ఉన్న స్థలానికి ఒకటి, రెండు ఈసీలు తీయించండి. లింకు డాక్యుమెంట్ల (ఆ ఆస్తి పాత దస్తావేజుల) షెడ్యూల్, అంటే ఆస్తి వివరాలున్న భాగం, పక్కన పెట్టుకుని, ఊరి పేరు మారిందా, ఇంటి నంబర్లు మారాయా, ఆ ప్రాంతం ఒక సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి ఇంకోదాని కిందికి వెళ్లిందా చూసుకుని వెతికించాలి. ఆన్‌లైన్లో దొరికేది 1983 నుంచే. అంతకు ముందుది కావాలంటే ఆఫీసుకు వెళ్లి పాత రికార్డులో చూపించుకోవాల్సిందే.

అపోహ: బ్యాంకు లోన్ ఇచ్చిందంటే లీగల్‌గా అంతా బాగున్నట్టే.

బ్యాంకు లాయర్ బ్యాంకు కోసం రాస్తాడు. ఆ రిపోర్టు చాలాసార్లు మీ చేతికి ఇవ్వరు కూడా. రేపు టైటిల్ తేడా వస్తే తనఖా పోయిందని బ్యాంకు మీ ఈఎంఐ మాఫీ చేయదు, కోర్టు ఖర్చులూ ఈఎంఐ రెండూ మీవే.

అపోహ: ఆడపిల్లలకు పెళ్లప్పుడే పసుపు కుంకుమ కింద ఇచ్చేశాం, వాళ్ల సంతకాలు అక్కర్లేదు.

ఈ మాట పాత ఇళ్లు అమ్మే ప్రతి ఇంట్లోనూ వింటాను, పెద్దాయన నిజాయితీగానే చెప్తాడు. చట్టం మాత్రం అలా చూడదు. ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకూ కొడుకులతో సమానంగా పుట్టుకతోనే హక్కుంటుందని హిందూ వారసత్వ చట్టానికి 2005లో చేసిన సవరణ చెప్పింది, తండ్రి అప్పటికి బతికి ఉండాల్సిన పని కూడా లేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అయితే పెళ్లికాని కూతుళ్లకు 1985 నుంచే వాటా ఉంది. 2004 డిసెంబరు 20కి ముందే పద్ధతిగా పంపకాలు, అమ్మకాలు జరిగిపోతే వాటిని కదపరు. “అప్పుడే పంచుకున్నాం” అంటే ఆ కాగితం చూపించమనండి.

తండ్రి స్వార్జితమైనా, వీలునామా లేకుండా పోతే భార్య, కొడుకులు, కూతుళ్లు అందరూ వారసులే. అమెరికాలో ఉన్న అక్క సంతకం లేకుండా “తర్వాత పెట్టిస్తాంలెండి” అంటే ఒప్పుకోకండి. ఆవిడ అక్కడి కాన్సులేట్‌లో అటెస్ట్ చేయించి జీపీఏ (తన తరఫున సంతకం పెట్టే అధికారం వేరొకరికి ఇచ్చే పత్రం) పంపొచ్చు, అది ఇండియాకు చేరాక మూడు నెలల్లోపు ఇక్కడ స్టాంపు డ్యూటీ కట్టి వాలిడేట్ చేయించాలి. కొరియర్ కవర్ పారేయకండి, అది ఎప్పుడు చేరిందో చూపించడానికి పనికొస్తుంది.

అపోహ: జీపీఏ మీద కొన్నా సేల్ డీడ్‌తో సమానమే.

జీపీఏ, అగ్రిమెంటు, వీలునామా కలిపి చేసే అమ్మకాలతో యాజమాన్యం మారదని సుప్రీంకోర్టు 2011లోనే చెప్పేసింది. జీపీఏ ఉన్నవాళ్లు సేల్ డీడ్ రాసివ్వొచ్చు, అది వేరే సంగతి. కానీ జీపీఏ ఇచ్చిన మనిషి చనిపోతే మామూలు జీపీఏ అక్కడితో చెల్లదు. అందుకని రిజిస్ట్రేషన్ ముందు ఆ మనిషితో ఒక్కసారి వీడియో కాల్‌లో మాట్లాడించమంటాను. మొహమాటపడేవాళ్లు చాలామందే ఉన్నారు, లక్షలు పోసేటప్పుడు మొహమాటం దేనికో నాకర్థం కాదు. నోటరీ చేయించిన కాగితం సంగతి అడగనే వద్దు.

అపోహ: రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం) నంబరుంది కదా, ఏ ఫ్లాటైనా తీసుకోవచ్చు.

రెరా మంచిదే. రిజిస్టర్డ్ అగ్రిమెంట్ లేకుండా బిల్డర్ పది శాతం మించి తీసుకోకూడదు, నిర్మాణ లోపాలు ఐదేళ్ల లోపు బయటపడితే సరిచేయాలి, ఇలాంటివన్నీ దానివల్లే. కానీ టైటిల్‌కు అది గ్యారంటీ కాదు. పైగా ఒక విషయం బ్రోచర్లో ఎవరూ వేయరు: అపార్టుమెంటు పర్మిషన్ ఇచ్చేటప్పుడు కట్టే విస్తీర్ణంలో పది శాతాన్ని జీహెచ్ఎంసీ లాంటి సంస్థలు తమ పేర తనఖా రాయించుకుంటాయి, బిల్డర్ ప్లాన్ మీరకుండా ఉండాలని. ఓసీ (ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, బిల్డింగ్‌లో ఉండొచ్చని ఇచ్చే పత్రం) వచ్చాకే విడుదల చేస్తాయి. ఆ ఫ్లాట్లలో ఒకటి “డిస్కౌంట్” పేరుతో మీకు అంటగడుతున్నారేమో, తనఖా డీడ్‌లో ఫ్లాటు నంబర్లు చూస్తే తెలిసిపోతుంది. ఓసీ అడగడం వల్ల ఇంకో లాభం, ఓసీ వచ్చాక కొంటే జీఎస్టీ ఉండదు.

అపోహ: ఇంటి పన్ను, కరెంటు బిల్లు వాళ్ల పేరునే ఉన్నాయి, ఇంకేం కావాలి?

పన్ను ఎవరు కట్టినా మున్సిపాలిటీ తీసుకుంటుంది. మ్యుటేషన్‌తో, అంటే ఆ రికార్డులో పేరు మార్పించుకోవడంతో, హక్కు రాదు.

అపోహ: టీడీఎస్ (ధరలోంచి ముందే పట్టుకుని కట్టే ఆదాయపు పన్ను) అమ్మేవాళ్ల తలనొప్పి.

మీదే. ధర 50 లక్షలు, ఆపైన అయితే ఒక శాతం పట్టుకుని కట్టాల్సింది కొనేవాళ్లు. భార్యాభర్తలు సగం సగం కొంటున్నాం కాబట్టి తప్పించుకోవచ్చన్న లెక్క 2024 అక్టోబరు నుంచి నడవదు, మొత్తం ధర చూస్తారు. అమ్మేది ఎన్నారై అయితే ఒక శాతం కాదు, చాలా ఎక్కువ, 50 లక్షల పరిమితి కూడా వర్తించదు. అగ్రిమెంట్‌కు ముందే సీఏను కలవండి.

అపోహ: తప్పులుంటే తర్వాత సవరణ చేయించుకోవచ్చు.

చేయించుకోవచ్చు, సవరణ దస్తావేజుకు అమ్మినవాళ్లు మళ్లీ వచ్చి సంతకం పెడితే. డబ్బు చేతికి వచ్చాక వాళ్లు ఫోనెత్తడమే గొప్ప. స్లాట్ బుక్ చేసిన రోజు కౌంటర్ దగ్గర నిలబడి చదవడం కాదు, డ్రాఫ్టు రెండు రోజుల ముందే డాక్యుమెంట్ రైటర్ దగ్గర తీసుకుని లింకు డాక్యుమెంటు పక్కన పెట్టి హద్దులు, సర్వే నంబరు, గజాలు, అన్‌డివైడెడ్ షేర్ (స్థలంలో ఫ్లాటుకు వచ్చే వాటా), పేర్ల స్పెల్లింగ్ వేలు పెట్టి సరిచూసుకోండి. తూర్పు హద్దు, పడమర హద్దు తారుమారైన డ్రాఫ్టులు నా టేబుల్ మీదకు ఇప్పటికీ వస్తూనే ఉంటాయి.