ఓరుగల్లు పునరుద్ధరణ, బ్రాండింగ్: అపోహలు - వాస్తవాలు

వచ్చే పాతిక ముప్పై ఏళ్లలో వరంగల్ ఎలా ఉండాలన్న మాట వచ్చిన ప్రతిసారీ చర్చ లోగో, స్వాగత తోరణం, రంగు లైట్ల దగ్గరే తిరుగుతుంది. కోట గోడ దాకా, చెరువు మత్తడి దాకా, కొత్తవాడ మగ్గం దాకా రాదు. నగరం పేరు నిలబడేది వీటి మీదే. అందుకే తరచూ వినిపించే కొన్ని మాటలను ఇక్కడ విడమరిచి చెబుతున్నాం.

అపోహ: వరంగల్‌కు యునెస్కో గుర్తింపు వచ్చేసింది, ఇక పర్యాటకులు వాళ్లే వస్తారు.

2021 జులైలో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది పాలంపేటలోని రామప్ప గుడి ఒక్కటే. అది ములుగు జిల్లాలో, నగరానికి 60 కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉంది. 2014లో తాత్కాలిక జాబితాకెక్కిన ప్రతిపాదనలో వేయిస్తంభాల గుడి, కోటలోని స్వయంభూ దేవాలయ శిథిలాలు, కీర్తి తోరణాలు కూడా ఉన్నాయి. తుది గుర్తింపు మాత్రం రామప్పకే దక్కింది. 2022లో యునెస్కో ఇచ్చిన 'లెర్నింగ్ సిటీ' హోదా చదువులకు సంబంధించినది, దానికీ కట్టడాలకూ ముడి లేదు.

ఇంకో చిక్కు ఉంది. కోట వరంగల్ జిల్లాలో, వేయిస్తంభాల గుడి హనుమకొండ జిల్లాలో, రామప్ప ములుగులో ఉన్నాయి. వచ్చేవాళ్లకు ఈ సరిహద్దులతో పని లేదు. మూడు జిల్లాలకూ కలిపి ఒకే మ్యాపు, ఒకే రకం దారి బోర్డులు, ఒకే బస్సు వేళలు ఉండాలి. అవి లేకపోతే హైదరాబాద్ నుంచి పొద్దున బయల్దేరినవాళ్లు రామప్ప చూసి రాత్రికి ఇల్లు చేరతారు. ఊళ్లో ఒక్క రాత్రి ఆగితేనే ఆటోవాలాకైనా, హోటల్‌కైనా, జంపఖానాల దుకాణానికైనా నాలుగు డబ్బులు వస్తాయి.

అపోహ: పాత గోడ సందుల్లో సిమెంటు కూరితే గట్టిపడుతుంది.

ఎక్కువ నష్టం చేసేది ఇదే. ఓరుగల్లు రాతికోట గోడ గ్రానైటు దిమ్మెలను సున్నం లేకుండా ఒకదానిపై ఒకటి అమర్చి కట్టినది. గోడకు లోపలి వైపు మట్టికట్ట ఉంటుంది. వానకు ఆ మట్టి నీరు తాగుతుంది, రాళ్ల సందుల్లోంచి నెమ్మదిగా బయటికి వదులుతుంది. అంటే ఆ సందులే గోడకు తూములు. వాటిని సిమెంటుతో మూస్తే నీరు వెనకే నిలుస్తుంది, మట్టి బరువెక్కుతుంది, గోడ ముందుకు ఉబ్బుతుంది. ఆ ఉబ్బు కనిపించిన నాలుగైదు వానాకాలాల్లో రాళ్లు జారిపడినా ఆశ్చర్యం లేదు.

సరైన పద్ధతి: ఉబ్బిన మేరకు ప్రతి రాయికీ నంబరు వేసి, ఫొటో తీసి, పైవరస నుంచి దించాలి. వెనక మట్టిని పొరలు పొరలుగా దిమ్మిస చేయాలి. ఆ తర్వాత ఏ రాయి చోట ఆ రాయినే పెట్టాలి. గోడలో మొలిచిన రావిని పీకకూడదు, పీకితే వేరుతో పాటు రాళ్లూ వస్తాయి. మొదలు నరికి, వేరు పూర్తిగా చచ్చాకే ఆ భాగం విప్పాలి.

ఇటుక గోడలకు, గచ్చుకు, పైకప్పులకు గానుగ సున్నమే వాడాలి. కాల్చిన సున్నాన్ని తొట్టిలో నీళ్ల కింద కనీసం మూడు నాలుగు వారాలు నానబెట్టి, జల్లెడ పట్టాలి. ఒక పాలు సున్నానికి రెండు నుంచి మూడు పాళ్లు ఇసుక, ఇటుకపొడి కలిపి గానుగలో నూరాలి. కరక్కాయ, బెల్లం నీళ్లు దీనికే కలుపుతారు. పూసిన తర్వాత రెండు వారాలు తడి గోనె సంచులు కప్పి ఉంచాలి. నానబెట్టే రోజులు తగ్గిస్తే లోపల మిగిలిన పచ్చి సున్నం గోడ మీదే విచ్చుకుని పెచ్చులు లేస్తాయి. టెండరులో ఈ వారాలకు చోటు ఇవ్వకుండా 'సంప్రదాయ సున్నపు పని' అని రాస్తే ప్రయోజనం లేదు. ఇలాంటి పని ఎంత కాలం తీసుకుంటుందో తెలియాలంటే వేయిస్తంభాల గుడి కల్యాణ మండపాన్ని చూడండి. 2006లో విప్పారు, 2024లో మళ్లీ తెరిచారు.

అపోహ: చెరువు సుందరీకరణ అంటే కట్ట మీద టైల్స్, బెంచీలు.

కాకతీయులు కట్టించినవి గొలుసుకట్టు చెరువులు. ఒకటి నిండి మత్తడి దూకితే ఆ నీరు కింది చెరువుకు పోతుంది. మధ్యలో నాలా పూడితే పై చెరువు ఎంత అందంగా ఉన్నా ఊరు మునుగుతుంది. 2020 ఆగస్టులో, 2023 జులైలో కాలనీల్లోకి నీళ్లు వచ్చినప్పుడు జరిగింది ఇదే. 2023లో భద్రకాళి చెరువు కట్టకే గండి పడింది.

కాబట్టి ముందు ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పుడు నీరు చేరే మేర) హద్దురాళ్లు పాతాలి. ఆ తర్వాత మత్తడి, తూములు బాగుచేయాలి. నాలాను కింది నుంచి పైకి వెడల్పు చేస్తూ రావాలి. పై నుంచి మొదలుపెడితే వరదను తెచ్చి ఇరుకు చోట పోసినట్టే. పది హెక్టార్లు దాటిన చెరువుకు 30 మీటర్లు, అంతకన్నా చిన్న కుంటకు 9 మీటర్లు బఫర్ (ఏమీ కట్టకుండా వదిలే జాగా) వదలాలని 2012 భవన నిర్మాణ నియమాలు చెబుతున్నాయి. నడక దారి, బెంచీలు చివరి పని.

అపోహ: కట్టడానికి 100 మీటర్ల లోపల ఇల్లున్నవాళ్లు రేకు కూడా మార్చుకోలేరు.

పడమరకోట, మధ్యకోట, తూర్పుకోటల్లో తరతరాలుగా ఉంటున్న కుటుంబాల భయం ఇది. కేంద్ర రక్షిత కట్టడానికి 100 మీటర్ల లోపల కొత్త నిర్మాణం నిషేధమే. కానీ 1992 జూన్ 16కు ముందే ఉన్న ఇంటికి మరమ్మతు కోసం దరఖాస్తు చేసుకోవచ్చు. ఆ 100 మీటర్లు దాటాక మరో 200 మీటర్లలో అనుమతితో కట్టుకోవచ్చు. దరఖాస్తు అందుకున్న అధికారి దాన్ని 15 రోజుల్లో జాతీయ స్మారక కట్టడాల అథారిటీకి పంపాలి, అక్కడ రెండు నెలల్లో సిఫారసు ఇవ్వాలి. పాత ఇంటిపన్ను రసీదు, కరెంటు బిల్లు, ఇంటి ఫొటోలు జాగ్రత్తగా ఉంచుకుంటే ఇల్లు అప్పటికే ఉందని చూపడం తేలిక. కోటలో ఉండేవాళ్లను పరాయివాళ్లుగా చూసే ఏ ప్రణాళికా నిలవదు. రోజూ ఆ గోడను కనిపెట్టుకుని ఉండేది వాళ్లే.

అపోహ: చరిత్ర అంటే కాకతీయులు మాత్రమే.

కోటలోని ఖుష్ మహల్, కాజీపేట రైల్వే జంక్షన్, 1934 నాటి ఆజంజాహి బట్టల మిల్లు కూడా ఈ ఊరి చరిత్రే. మిల్లు కార్మికుల జ్ఞాపకాలను ఇప్పుడే రికార్డు చేయాలి. ఆ తరం వయసు మీద పడింది.

అపోహ: జీఐ (భౌగోళిక గుర్తింపు) ట్యాగ్ వచ్చింది కాబట్టి నేతన్నకు మేలు జరిగిపోయింది.

వరంగల్ జంపఖానాలకు 2018లో ట్యాగ్ వచ్చింది. అది సంఘం పేరిట ఉండే రిజిస్ట్రేషన్. మగ్గం మీద నేసే మనిషి తన సరుకుకు ఆ ముద్ర వేసుకోవాలంటే విడిగా 'ఆథరైజ్డ్ యూజర్'గా నమోదు కావాలి. పదేళ్లకోసారి దాన్ని పునరుద్ధరించుకోవాలి. నగర బ్రాండ్ మీద ఖర్చుపెట్టే మొదటి రూపాయి కొత్తవాడలో ఇంటింటికీ వెళ్లి ఈ నమోదు చేయించడానికి వాడాలని మా గట్టి అభిప్రాయం.

అపోహ: పథకం పూర్తయితే పని పూర్తయినట్టే.

వారసత్వ నగరాల కోసం కేంద్రం తెచ్చిన హృదయ్ పథకం 2015లో మొదలై 2019లో ముగిసింది. వరంగల్‌ను 2016లో ఎంపిక చేసిన స్మార్ట్ సిటీ మిషన్ 2025 మార్చిలో ముగిసింది. పథకాలు వస్తాయి, పోతాయి, గోడ మీద గడ్డి మాత్రం ఏటా మొలుస్తుంది. అందుకే నిర్వహణకు నగరపాలక సంస్థ బడ్జెట్‌లో విడిగా పద్దు ఉండాలి, ఏడాది పొడవునా పని వరస రాసి ఉండాలి. మేలో నాలాల పూడిక తీయాలి. తొలకరి మొదటి గట్టి వానకు ఒక మనిషి గొడుగు పట్టుకుని కోట గోడ పొడవునా నడిచి, నీరు ఏ సందుల్లోంచి వస్తోందో, ఏ సందుల్లోంచి రావడం లేదో రాసుకోవాలి. అక్టోబరులో నేల తడిగా ఉండగా చిన్న మొక్కలు తీయించాలి. సున్నపు పని నవంబరు నుంచి ఫిబ్రవరి లోపు ముగించాలి.