వినపడని కుక్కతో చేతులతో మాట్లాడటం

"కూర్చో" అనే మాట నేర్పుతున్నామని మనం అనుకుంటాం గానీ, కుక్క ముందుగా పట్టుకునేది మన ఒంటి కదలికని. నోటితో ఒకటి, చేత్తో ఇంకొకటి చెప్పి చూస్తే చాలా కుక్కలు సైగ వైపే మొగ్గాయని ఇటలీలో చేసిన ప్రయోగాల్లో తేలింది. మన వీధికుక్కలూ తక్కువేం కాదు. కోల్‌కతాలోని ఐసర్ అనే సైన్సు పరిశోధన సంస్థకి చెందిన అనిందితా భద్ర బృందం 2020లో ప్రచురించిన పరిశోధనలో, భయపడకుండా దగ్గరికొచ్చిన వీధికుక్కల్లో దాదాపు 80 శాతం మనిషి వేలు చూపించిన గిన్నె దగ్గరికే వెళ్ళాయి. వాటికి ఎవరూ శిక్షణ ఇవ్వలేదు. అలాంటప్పుడు చెవిటిదనగానే ఇక దీనికేం నేర్పలేమని చేతులెత్తేయడం ఆ కుక్కకి అన్యాయం చేయడమే.

పుట్టు చెవుడు ఎక్కువగా ఒంటి మీద తెలుపు బాగా ఉన్న జాతుల్లో కనిపిస్తుంది. బొచ్చు రంగుకీ చెవికీ సంబంధం ఏమిటంటే, లోపలి చెవి ద్రవంలో పొటాషియం తగినంత ఉంటేనే శబ్దాన్ని పట్టే కణాలు బతుకుతాయి. దాన్ని నిలబెట్టే పొరకి రంగునిచ్చే కణాలు, అంటే మెలనోసైట్లు, కావాలి. తెల్లదనాన్నిచ్చే జన్యువులు బలంగా ఉన్న కుక్కపిల్లల్లో అవి చెవిలో లేకుండా పోతాయి. పుట్టిన మూడు నాలుగు వారాలకి ఆ పొర క్షీణిస్తుంది, దాంతో శబ్దం పట్టే కణాలూ చచ్చిపోతాయి. అవి మళ్ళీ పుట్టవు. అమెరికాలో పరీక్షించిన డాల్మేషియన్లలో, అంటే తెల్లటి ఒంటి మీద మచ్చలుండే జాతి కుక్కల్లో, సుమారు 22 శాతానికి ఒక చెవి, 8 శాతానికి రెండు చెవులూ వినపడవని తేలింది.

విజయవాడ పటమటలో మా ఎదురు ఫ్లాట్ వాళ్ళదీ డాల్మేషియన్ పిల్లే. కుక్కర్ విజిల్ వేసినా చెవి కదపదు. అనుమానమొచ్చి దాని వెనక స్టీలు పళ్ళెం పడేస్తే చటుక్కున లేచింది. హమ్మయ్య, వినపడుతోందనుకున్నారు. నిజానికి నేల అదురు దాని ఒంటికి తెలిసింది, అంతే. ఇంట్లో పరీక్షించాలంటే అది నిద్రపోతున్నప్పుడు, నేల అదరకుండా, గాలి తగలకుండా పక్కగదిలోంచి చప్పుడు చేయాలి. ఒక్క చెవే పోయుంటే అలా కూడా బయటపడదు. ఖాయంగా తేల్చేది బేర్ అనే పరీక్ష. చెవిలో క్లిక్ శబ్దాలు వినిపిస్తూ, తల దగ్గర పెట్టిన సన్నని ఎలక్ట్రోడ్లతో మెదడు స్పందనని చూస్తారు. చెవుడు మధ్యలో వచ్చిందయితే ముందు పశువైద్యుడికి చూపించాలి. ఇన్ఫెక్షన్ వల్లయితే తగ్గే అవకాశముంది.

సైగల కోసం ఎక్కడో వెతకక్కర్లేదు, మనం రోజూ వాడేవే చాలు. అరచెయ్యి కిందికి పెట్టి వేళ్ళు లోపలికి ఊపితే "రా". అరచెయ్యి ఎదురుగా నిలిపితే "ఆగు". ఆ ఇంటి బామ్మగారు అన్నం పెట్టాక రెండు చేతులూ తిప్పి ఖాళీగా చూపిస్తారు, "అయిపోయిందిరా నాయనా" అంటూ. గిన్నె చుట్టూ తిరుగుతూ గోల చేసే ఆ పిల్ల ఇప్పుడు ఆ చేతులు చూడగానే వెళ్ళి బాల్కనీలో పడుకుంటుంది. "రా" అనడానికి మాత్రం మనవడు తొడ చరుస్తాడు, వాళ్ళ నాన్న చిటికె వేస్తాడు. పాపం అది ఎవరి చెయ్యి నమ్మాలి? ఇంటిల్లిపాదీ ఒకే సైగ వాడాలి.

వీటన్నిటికంటే ముందు నేర్పాల్సింది మనవైపు చూడటం. తనంతట తను తిరిగి మన మొహం చూసిన ప్రతిసారీ బొటనవేలు పైకెత్తి, వెంటనే చిన్న ముక్క పెట్టాలి. కొన్నాళ్ళకి ఆ బొటనవేలే దానికి "శభాష్" అవుతుంది. కుక్క చూపు సుమారు 240 డిగ్రీల మేర పరుచుకుంటుంది, కదిలేవాటిని ఇట్టే పట్టేస్తుంది. అందుకని చెయ్యి ఒంటికి దూరంగా, పెద్దగా కదపండి. రాత్రి కరెంటు పోతే ఫోన్ టార్చి వెలుగు నేల మీద వేసి పిలవొచ్చు. లేజర్ లైటు మాత్రం వద్దు, కొన్ని కుక్కలు ఆ చుక్క వెంట పిచ్చిపట్టినట్టు పడతాయి.

నిద్రలో హఠాత్తుగా ముట్టుకుంటే ఉలిక్కిపడి కరవొచ్చు, పిల్లలకి ఇది గట్టిగా చెప్పాలి. ముక్కు దగ్గర చెయ్యి పెట్టి వాసన తగలనిచ్చి, తర్వాత భుజం మీద మెల్లగా తాకాలి. బందరు రోడ్డు లాంటి చోట గొలుసు వదలనే వదలొద్దు, దానికి హారన్ వినపడదు.

బాగా వినపడే కుక్కకైనా ముసలితనంలో వినికిడి తగ్గుతుంది. కాబట్టి మీ కుక్కకి చెవులు బాగున్నప్పుడే ప్రతి మాటకీ ముందు ఒక సైగ చేయడం మొదలుపెట్టండి.