పువ్వు నిలబడేది మందం వల్ల కాదు: కాగితం పూల కార్డులపై అపోహలు - వాస్తవాలు

కార్డుల మీద ఎత్తుగా లేచే కాగితం పూలు చేయడం నేర్పుతుంటాను. కొత్తగా వచ్చేవాళ్లలో చాలామంది నోట మొదట వచ్చే మాట ఒకటే: "రేకులు చిట్లిపోతున్నాయండీ, నా చేతికి ఈ పని రాదేమో." చేతిలోని కాగితం చూస్తే 250 జీఎస్ఎం (చదరపు మీటరుకు ఇన్ని గ్రాములని కాగితం బరువు చెప్పే లెక్క) మందపాటి కార్డ్‌స్టాక్. లోపం వాళ్ల చేతిలో లేదు.

అపోహ: పువ్వు నిలబడాలంటే కాగితం మందంగా ఉండాలి.

ఎవరో ఒకరు అన్నారు, వీడియోల్లో అందరూ అదే తిప్పి చెబుతున్నారు. దీనివల్ల వృథా అయ్యే కాగితం ఒక ఎత్తు, పోయే ధైర్యం ఒక ఎత్తు. పువ్వును నిలబెట్టేది వంపు. పల్చటి కాగితం పట్టీని ఒక చివర పట్టుకోండి, రెండో చివర వాలిపోతుంది. దాన్నే పొడవునా దోనెలా కాస్త వంచి పట్టుకోండి, నిటారుగా నిలుస్తుంది. రేకుకు కావాల్సిన బలం అదే.

250, 300 జీఎస్ఎం కాగితాన్ని పూలు అతికించే అడుగు కార్డుకు వాడండి. రేకులకు 100 నుంచి 160 దాకా చాలు, చిన్న పూలకు 80 కూడా పనికొస్తుంది. మందపాటి కాగితాన్ని వంచితే బయటి పొర సాగలేక చిట్లుతుంది. రంగు పైపైనే ఉన్న రకమైతే ఎర్ర గులాబీ మీద తెల్ల గీతలు తేలతాయి. కొనేముందు నమూనా ముక్క చించి చూస్తే లోపలి రంగు తెలిసిపోతుంది.

గ్రెయిన్, అంటే కాగితంలో పీచులు సాగే దిశ, కూడా చూసుకోండి. కాగితాన్ని మడవకుండా నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి వంచండి. ఎటు సులువుగా లొంగితే ఆ వంపు గీత వెంబడే గ్రెయిన్ ఉంటుంది. రేకు కొన వెనక్కి తిరగాలంటే గ్రెయిన్ రేకుకు అడ్డంగా వచ్చేలా కత్తిరించాలి. ఐదు రేకులూ ఒకే ముక్కలో ఉంటే అన్నింటికీ ఇది కుదరదు. అప్పుడు సన్నగా నీళ్లు స్ప్రే చేసి, ఫోమ్ ప్యాడ్ మీద పెట్టి, కొన గుండులా ఉండే బాల్ టూల్‌తో గుండ్రంగా రుద్దండి. తడికి పీచుల పట్టు సడలుతుంది, ఆరాక కొత్త వంపులోనే బిగుసుకుంటుంది. నీళ్లు తగిలితే కాగితం పాడైపోతుందని టెన్షన్ పడకండి. రంగు కారుతుందేమో మాత్రం ముందు చిన్న ముక్క మీద చూసుకోండి.

అక్క పుట్టినరోజుకని గులాబీల కార్డు మొదలుపెట్టిన ఒకమ్మాయి, ప్యాకెట్ కాగితమంతా చిట్లిపోయాక కళ్లనీళ్లతో వచ్చింది. 120 జీఎస్ఎం కాగితం ఇచ్చాను, అంతే. అదే కత్తెర, అవే వేళ్లు. మొదటి గులాబీ విచ్చుకోగానే దాన్ని చేతిలో తిప్పి తిప్పి చూసుకుంటూ, రెండోది మొదలుపెట్టడమే మర్చిపోయింది. ఆ ముఖం చూశాక ఈ మందం పుకారు మీద నాకు కోపం ఇంకా పెరిగింది.

అపోహ: గ్లూ గన్ లేకపోతే పూలు ఊడిపోతాయి.

గన్‌లోంచి కరిగి వచ్చే వేడి జిగురు త్వరగా పట్టుకుంటుంది, నిజమే. కానీ నున్నటి కాగితం మీద ఆ జిగురు పైపైనే ఉంటుంది, బాగా వేడెక్కితే మెత్తబడుతుంది. తెల్ల గమ్ పీచుల్లోకి ఇంకుతుంది. కొంచెమే రాసి, ఆరేదాకా కదపకుండా ఉంచండి.

అపోహ: కటింగ్ మెషిన్ తప్పనిసరి.

కాదు. కత్తెర, పెన్సిల్ చాలు.

అపోహ: యాసిడ్ ఫ్రీ కాగితమైతే రంగు వెలవదు.

యాసిడ్ లేకపోతే కాగితం త్వరగా పసుపెక్కదు, పెళుసెక్కదు. రంగు వెలిసేది వెలుతురు వల్ల. కార్డును ఎండ తగిలే చోట పెట్టకండి.

అపోహ: ఇలాంటి కార్డును పోస్టులో పంపలేం.

మామూలు కవరులో పెడితే పూలు నలుగుతాయి, నిజమే. విడి రేకుల పూలను వేళ్లతో మళ్లీ లేపుకోవచ్చు. చుట్టిన గులాబీ అణిగితే మాత్రం తిరిగి లేవదు. పువ్వు ఎత్తు కంటే కాస్త లోతైన గట్టి పెట్టె వాడండి. కార్డు జరగకుండా వెనక రెండుచోట్ల టేప్ వేయండి. పూల మీద మాత్రం దూది, కాగితం ముక్కలు కుక్కకండి, ఆ ఒత్తిడికే రేకులు అణిగిపోతాయి.