పాత ఐరోపా స్టేషన్ వ్యాగన్ కొనుగోలు: అపోహలు - వాస్తవాలు

జర్మనీలో ఉంటున్న తెలుగు కుటుంబాలు, ఊరి నుంచి వచ్చే అమ్మానాన్నల పెట్టెలూ పసిపిల్లల స్ట్రోలరూ ఒకేసారి పట్టాలన్న ఉద్దేశంతో, మొదటి కారుగా పాత స్టేషన్ వ్యాగన్ (వెనుక పెద్ద డిక్కీ ఉండే పొడవాటి కారు) కొనడం మామూలే. ఈ బండ్ల మరమ్మతే నా వృత్తి కనుక, కొనేముందు చూసిపెట్టమని వచ్చేవారి నోట తరచుగా వినే మాటలను ఇక్కడ పరిశీలిస్తున్నాను.

అపోహ: రెండు లక్షల కిలోమీటర్లు దాటిన బండి పనికిరాదు.

వాస్తవం: ఎక్కువగా ఆటోబాన్ (జర్మనీ ఎక్స్‌ప్రెస్ హైవే) మీదే తిరిగి, ఆయిల్ సకాలంలో మార్పించుకున్న డీజిల్ బండి ఆ దూరం తర్వాత కూడా నిక్షేపంగా నడుస్తుంది. ఎనభై వేలే తిరిగినా, రోజూ బడికీ బజారుకీ మాత్రమే వెళ్లిన డీజిల్ బండిలో పొగగొట్టం తగినంత వేడెక్కక, పొగలోని మసిని పట్టే ఫిల్టర్‌లో ఆ మసి కాలడం మొదలై మధ్యలోనే ఆగిపోతూ ఉంటుంది. అలా పదేపదే జరిగితే, కాలని డీజిల్ వెళ్లి ఇంజన్ ఆయిల్‌లో కలిసి దాన్ని పలుచబరుస్తుంది. మీటరు అంకెను మాత్రం పాత తనిఖీ నివేదికల్లోని రీడింగులతోనూ, సర్వీసు బిల్లులతోనూ సరిచూసుకోవాలి.

అపోహ: టీయూవీ తనిఖీ (జర్మనీలో బండికి తప్పనిసరి భద్రతా పరీక్ష) కొత్తగా అయింది కాబట్టి భయం లేదు.

వాస్తవం: సాధారణంగా రెండేళ్లకోసారి జరిగే ఆ తనిఖీ బ్రేకులు, స్టీరింగు, దీపాలు, టైర్లు, తుప్పు, పొగ వంటి వాటికి పరిమితం. ఇంజన్ లోపలి భాగాలను ఒకే లయలో తిప్పే టైమింగ్ బెల్టు వయసెంతో, గేర్‌బాక్స్ ఎంతకాలం నిలుస్తుందో అది చెప్పదు.

అపోహ: టైమింగ్‌కు బెల్టు కాకుండా చైన్ ఉంటే జీవితాంతం చూసుకోనక్కరలేదు.

వాస్తవం: 2007లో వచ్చిన బీఎండబ్ల్యూ ఎన్47 డీజిల్ ఇంజన్ ఆ మాట తప్పనడానికి పేరుమోసిన ఉదాహరణ. దాని తొలి ఏళ్ల బండ్లలో చైన్ సాగడం, తెగడం జరిగేది. పైగా అది గేర్‌బాక్స్ వైపున ఉండటంతో, చైన్ ఖరీదు కన్నా దాన్ని చేరుకోవడానికి అయ్యే కూలీయే ఎన్నో రెట్లు. చూడటానికి వస్తున్నామని చెప్పినప్పుడే ఇంజన్ స్టార్ట్ చేయకుండా ఉంచమని అమ్మేవారిని కోరండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే మరోరోజు రండి. చల్లటి ఇంజన్ అందుకున్న తొలి క్షణాల్లో, ముందు అద్దం వైపు నుంచి గొలుసు రాపిడి శబ్దం వస్తే ఆ బేరం వదిలేయడమే మేలు.

అపోహ: ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్ జీవితకాలానికి సరిపోతుంది.

వాస్తవం: ఎన్నో ఐరోపా కార్లకు గేర్‌బాక్స్‌లు తయారుచేసే జడ్ఎఫ్ సంస్థే 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య ఆయిల్ మార్చాలని సూచిస్తుంది. ఫోక్స్‌వ్యాగన్ వారి డీఎస్‌జీ అనే ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లో ఆరు గేర్ల రకానికైతే 60,000కే మార్చాలి. ఆ బిల్లు లేకపోతే ధర తగ్గించమని అడగడం న్యాయమే.

అపోహ: ఇంజన్, గేర్‌బాక్స్ బాగుంటే మిగతాది చిల్లర ఖర్చు.

వాస్తవం: స్టేషన్ వ్యాగన్‌కు వెనుక భాగమే అసలు పరీక్ష, ఎక్కువమంది చూడనిదీ అదే. డిక్కీ తలుపు తెరిచి మూసే ప్రతిసారీ కీలు దగ్గరి వైర్లు వంగి, ఏళ్లు గడిచాక లోపల తెగుతాయి. వెనుక వైపరు ఒకసారి తిరిగి మరోసారి తిరగకపోయినా, తాళం మొరాయించినా ముందు అనుమానించాల్సింది అక్కడే. మెర్సిడెస్ ఈ-క్లాస్, బీఎండబ్ల్యూ 5 సిరీస్ వ్యాగన్ల పాత తరాల్లో వెనుక ఎయిర్ సస్పెన్షన్ (స్ప్రింగుల బదులు గాలి నింపిన రబ్బరు సంచులు) ఉంటుంది. రాత్రంతా నిలిపిన బండి ఉదయానికి వెనుకవైపు కుంగి ఉంటే రబ్బరు సంచి నుంచి గాలి పోతున్నట్టే. ఆ లోటు తీర్చడానికి అదేపనిగా తిరిగిన, గాలి నింపే కంప్రెసర్ కూడా చివరికి కాలిపోతుంది. పైకప్పు అద్దం ఉన్న బండిలో నీటిని కిందికి దింపే గొట్టాలు ఆకులతో పూడుకుపోతే వాన నీరు డిక్కీ అడుక్కి చేరుతుంది. కొన్ని మోడళ్లలో ఎలక్ట్రానిక్ యూనిట్లు ఉండేది అక్కడే కాబట్టి, కార్పెట్ ఎత్తి చేత్తో తడిమి చూడండి. లోపల గట్టిగా సెంటు కొట్టి ఉంటే మరీ జాగ్రత్తగా చూడండి.

అపోహ: డీలరైనా, సొంతదారైనా ఒకటే.

వాస్తవం: జర్మనీలో డీలరు సాధారణ కొనుగోలుదారుకు అమ్మిన పాత కారులో లోపాలకు కనీసం ఏడాదిపాటు బాధ్యత వహించాలి, 2022 నుంచి ఆ ఏడాదిలో బయటపడిన లోపం అమ్మేనాటికే ఉన్నట్టు చట్టం భావిస్తుంది, కాదని నిరూపించుకోవలసింది డీలరే. సహజమైన అరుగుదల దీని కిందికి రాదు. సొంతదారు మాత్రం ఒప్పందంలో ఒక్క వాక్యంతో ఈ బాధ్యతను తప్పించుకోవచ్చు, అయితే తెలిసిన లోపాన్ని దాచిపెట్టి అమ్మితే ఆ వాక్యం చెల్లదు.