అనుమతి లేని శిల్పవనం: చండీగఢ్ రాక్ గార్డెన్ వివాదం వెనక

2025 మార్చిలో చండీగఢ్ పాలనా యంత్రాంగం రాక్ గార్డెన్ గోడలో కొంత భాగాన్ని కూల్చివేయించింది. పక్కనే ఉన్న పంజాబ్, హర్యానా హైకోర్టుకు వచ్చే వాహనాల కోసం రోడ్డును వెడల్పు చేయాలని, పార్కింగుకు చోటు కావాలని కారణం చూపింది. ఆ గోడ అసలు తోటలో భాగమే కాదని అధికారులు అన్నారు. నగరవాసులు ఆ మాట ఒప్పుకోక నిరసనకు దిగారు. ఏది తోట, ఏది కాదు అన్న ఈ పేచీ నిన్న మొన్నటిది కాదు, ఆ తోట పుట్టుకతోనే వచ్చింది.

దాన్ని కట్టిన నేక్‌చంద్ సైనీ 1924లో, ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉన్న షకర్‌గఢ్ ప్రాంతపు పల్లెలో పుట్టారు. దేశ విభజనతో ఇటు వచ్చి, 1950ల తొలినాళ్లలో చండీగఢ్‌లో ప్రజాపనుల శాఖ రోడ్ ఇన్‌స్పెక్టర్‌గా చేరారు. వాస్తుశిల్పి లె కార్బూజియే ప్రణాళిక ప్రకారం కొత్త రాజధానిని కడుతున్న రోజులవి. నగరానికి చోటు చేయడం కోసం ఇరవైకి పైగా పల్లెలను ఖాళీ చేయించి నేలమట్టం చేశారు. ఆ శిథిలాల్లో పగిలిన కుండలు, గాజులు, పింగాణీ పాత్రలు గుట్టలుగా పడి ఉండేవి. నేక్‌చంద్ వాటిని ఏరి, శివాలిక్ కొండవాగుల్లో దొరికే వింత ఆకారపు రాళ్లతో పాటు, సుఖ్నా చెరువు దగ్గరి అడవిలోకి సైకిల్ మీద చేరవేశారు. 1957 ప్రాంతంలో మొదలైన ఈ పని దాదాపు 18 ఏళ్లు రహస్యంగా సాగింది. రహస్యం తప్పనిసరి, ఎందుకంటే అది ఎవరూ ఏమీ కట్టకూడదని నిర్ణయించిన ప్రభుత్వ అటవీ భూమి, కడుతున్నది ప్రభుత్వ ఉద్యోగి.

ఆయన పద్ధతి చూడటానికి సాదాగా ఉంటుంది. పాత ఇనుప చువ్వలో, సైకిల్ ఫ్రేమో అస్థిపంజరంగా నిలిపి, దానికి సిమెంటు పట్టించి, తడి ఆరకముందే పైపొరలో గాజు ముక్కలో పింగాణీ పెంకులో పొదుగుతారు. వరసగా నిలబడిన ఆడబొమ్మల ఒంటినిండా రంగురంగుల గాజు ముక్కలే బట్టలు. కొన్ని గోడలకు తారు డ్రమ్ములు, మరికొన్నిటికి కరెంటు ఫ్యూజుల పింగాణీ దిమ్మెలు పనికొచ్చాయి. పనికిరాని సామానుతో కట్టారన్నది అందరూ చెప్పే విశేషం. నాకు అంతకన్నా విశేషంగా తోచేది, నేరుగా గీసిన గీతల నగరం పక్కనే ఆయన వంకర దారులు, వంగితే తప్ప దూరలేని గుమ్మాలు పెట్టడం.

1970ల మధ్యలో అధికారుల కంట పడేసరికి ఆ తోట 12 ఎకరాలకు పాకింది. చట్టం ప్రకారం అది ఆక్రమణ, కూల్చివేయవలసిందే. అయితే చూడవచ్చినవారి అభిమానం, నగర సుందరీకరణ బాధ్యత చూసిన ఎం.ఎస్. రంధావా వంటివారి మద్దతు దాన్ని కాపాడాయి. 1976లో దాన్ని ప్రజలకు తెరిచి, నేక్‌చంద్‌కు జీతంతో పాటు 50 మంది కూలీలను ఇచ్చారు. ఆయన హోదా ‘సబ్ డివిజనల్ ఇంజినీర్, రాక్ గార్డెన్’. శిల్పికి జీతమివ్వాలంటే ముందు అతన్ని ఇంజినీరును చేయవలసి వచ్చిందన్నమాట. 1984లో పద్మశ్రీ వచ్చింది.

గుర్తింపుతో చిక్కు తీరలేదు. 1980ల చివర హైకోర్టు న్యాయవాదులు పార్కింగు కోసం స్థలం కోరారు. బుల్డోజర్లు వచ్చినప్పుడు జనం అడ్డు నిలిచారు, న్యాయస్థానం తీర్పు నేక్‌చంద్‌కే అనుకూలంగా వచ్చింది. 1996లో ఆయన విదేశంలో ఉండగా సిబ్బందిని ఉపసంహరించారు, కొన్ని విగ్రహాలను దుండగులు ధ్వంసం చేశారు. 2015లో ఆయన కన్నుమూసే నాటికి తోట సుమారు 40 ఎకరాలు.

ఇటువంటి గొడవ మన దేశానికే పరిమితం కాదు. లాస్ ఏంజెలెస్‌లో సైమన్ రోడియా అనే కూలీ 1921 నుంచి 1954 వరకు ఒంటరిగా కట్టిన వాట్స్ టవర్స్ అనే గోపురాలను కూల్చాలని నగరపాలక సంస్థ ఆదేశించింది. 1959లో తాళ్లు కట్టి లాగించి బలపరీక్ష చేస్తే గోపురం చెక్కుచెదరలేదు, లాగిన యంత్రమే ఇబ్బంది పడింది. రాక్ గార్డెన్‌కు అలాంటి తేల్చివేసే పరీక్ష దొరకలేదు.

2016లో యునెస్కో లె కార్బూజియే కట్టడాలకు ప్రపంచ వారసత్వ హోదా ఇచ్చినప్పుడు హైకోర్టు భవనమున్న కాపిటల్ కాంప్లెక్స్ అనే ప్రభుత్వ భవనాల సముదాయం అందులో చేరింది, రాక్ గార్డెన్ చేరలేదు. వారసత్వ భవనాన్ని ఇష్టం వచ్చినట్టు మార్చడానికి వీల్లేదు. కోర్టుకు వచ్చే కార్లు మాత్రం పెరుగుతూనే ఉన్నాయి. అందుకే చోటు చాలని ప్రతిసారీ కొలతల టేపు తోట గోడ వైపే సాగుతోంది.